పదిహేడో లైను ఎవరిది?

బెంగుళూరు,
12 నవంబరు 1983

నరసూ,

మీ అందరి క్షేమం తర్వాత అడుగుతాను. ముందు ఈ ఉత్తరంతో పెట్టిన పేపరు ముక్క చదువు. చదివావా? ఇంకోసారి చదువు. మా కంపెనీలో ట్రెయినీ ప్రోగ్రామర్లు పదిమందిని తీసుకుంటున్నారు. బి.ఎస్సీ. లెక్కలు, ఫస్టు క్లాసు, ఇరవై అయిదేళ్ళలోపు వయసు. ఈ మూడూ ఉన్న మనిషివి మన ఇళ్ళలో నువ్వొక్కతివే. ధర్మవరంలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ ఆ ఫస్టు క్లాసును ఎన్నాళ్ళు పెట్టెలో దాచుకుంటావు?

మా కంపెనీ క్రేన్లు, పెద్ద పెద్ద మోటార్లు తయారు చేస్తుందని నీకు తెలుసు. ఆ షెడ్ల మధ్య, గాజు తలుపుల వెనక, చల్లటి గదిలో కంప్యూటరు ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా నేను దాని పక్క గదిలోనే పనిచేస్తున్నాను. ప్రోగ్రామర్లు కాగితం మీద రాసిచ్చినదాన్ని మేము మిషను మీద కొడతాం. ఒక్కో లైనుకు ఒక్కో అట్ట. అక్షరాలు ఆ అట్టమీద చిల్లులుగా పడతాయి. అట్టల కట్టను కంప్యూటరులో పెడితే, క్రేను దూలం ఎంత బరువు మోస్తుందో అది నిమిషంలో చెబుతుంది. నువ్వు చూడడానికి ఒక అట్ట కూడా పెడుతున్నాను.

రాతపరీక్ష జనవరిలో, ఇంటర్వ్యూ ఫిబ్రవరిలో. ఇంతకుముందు ఇంటర్వ్యూకు వెళ్ళివచ్చినవాళ్ళను అడిగి తెలుసుకున్నాను. "ఎప్పుడైనా ప్రోగ్రాము రాశావా?" అని అడుగుతారట. అందరూ పుస్తకంలో చదివామంటారు. నువ్వు మాత్రం రాశానని చెప్పాలి. ఫోర్ట్రాన్ అనే కంప్యూటరు భాష పుస్తకం రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. చదివి, రాసి పంపు. నేను అట్టలు కొట్టి, కంప్యూటరులో నడిపించి, అది ఏమందో నీకు పంపిస్తాను. కంప్యూటరు గది పనంతా చూసుకునే మా యేసన్న సార్ ఒప్పుకున్నారు.

చిన్నాయన మగ్గం చప్పుడుకు చదువు సాగకపోతే మా అమ్మ వాళ్ళ మిద్దె ఎక్కు. దరఖాస్తు మాత్రం ఈ వారమే పోస్టులో పడాలి.

నీ అక్క,
హనుమంతమ్మ


ధర్మవరం,
25 నవంబరు 1983

హనుమక్కకు,

దరఖాస్తు వేశాను. వేసి వచ్చి, నిజంగా వేశానా అని రసీదు నాలుగుసార్లు చూసుకున్నాను.

నీ అట్ట మా ఇంట్లో పెద్ద గొడవే తెచ్చింది. నాయన దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చాలాసేపు చూశాడు. మగ్గం మీద వేలాడే జకార్డు అట్టలను, దీన్ని మార్చి మార్చి చూసి, "ఇది మన పనే కదమ్మా. చిల్లుంటే దారం లేస్తాది, లేకుంటే లేయదు. మనది పూలు నేస్తాది. వాళ్ళది ఏం నేస్తాది?" అన్నాడు. లెక్కలని చెప్పాను. "అట్లయితే నీకు కష్టం లేదు పో" అని మళ్ళీ పనిలో పడ్డాడు. అమ్మకు మాత్రం అనుమానం తీరలేదు. "ఆడ గాజు తలుపుల ఎనక ఆడోళ్ళు ఉండారా, లేకుంటే మా బిడ్డ ఒక్కతే ఉండల్లనా, అది అడుగు ముందు" అంది. అడుగుతున్నాను, జవాబు రాయి.

పుస్తకం మొదటి మూడు అధ్యాయాలు అయ్యాయి. అక్కా, ఇది లెక్కలకంటే బాగుంది. లెక్కల్లో జవాబు మనం చెయ్యాలి. ఇందులో జవాబు ఎట్లా చెయ్యాలో ఇంకొకరికి చెప్పాలి, ఆ ఇంకొకరికి ఏమీ తెలియదు అనుకుని చెప్పాలి. ట్యూషను పిల్లలతో నాకది అలవాటే. ఒకటి నుంచి వంద దాకా కూడే ప్రోగ్రాము రాసి పెడుతున్నాను. నేను ఇంతవరకూ చూడని యంత్రం నా చేతిరాత చదువుతుందంటే ఒళ్ళు ఝల్లుమంటోంది.

నరసు


బెంగుళూరు,
6 డిసెంబరు 1983

నరసూ,

పిన్నమ్మకు చెప్పు: ఇక్కడ అట్టలు కొట్టే గదిలో పదకొండుమందిమి, అందరం ఆడవాళ్ళమే. గాజు తలుపుల వెనక ముగ్గురున్నారు. నువ్వు వస్తే నలుగురు.

నీ ప్రోగ్రాము నడిచింది అనను. నువ్వు రాసింది తొమ్మిది లైన్లు, కంప్యూటరు చెప్పిన తప్పులు పద్నాలుగు. కాగితం పెట్టాను, చూసి నవ్వుకో. ప్రతి లైనూ ఏడో గడిలో మొదలుపెట్టాలి. నువ్వు మొదటి గడి నుంచే మొదలుపెట్టావు. నువ్వు రాసింది రాసినట్టే కొట్టాను, తెలియాలని. అది మనిషి కాదు, సర్దుకుపోదు. గళ్ళ కాగితాలు ఒక కట్ట పంపుతున్నాను.

బాధపడకు. ఇక్కడ మూడేళ్ళ అనుభవమున్న ప్రోగ్రామర్లకు కూడా మొదటిసారి ఇంతే వస్తుంది. కాకపోతే వాళ్ళు ఆ కాగితం మాకు కనబడకుండా మడుచుకుని పోతారు.

నీ అక్క


ధర్మవరం,
19 డిసెంబరు 1983

అక్కా,

అయిదువేల యాభై. గళ్ళలో దిద్ది పంపినదానికి ఆ జవాబు అచ్చయి వచ్చేసరికి అన్నం తినడమే మరిచిపోయాను. నాయనకు చూపించాను, అమ్మకు చూపించాను, నీళ్ళకని కొళాయి దగ్గర వరసలో నిలబడినవాళ్ళకు కూడా చూపించాను.

ఇప్పుడు పెద్దది రాశాను. పామిడి పెద్దన్న మామ తాలూకా ఆఫీసులోనే కదా ఉండేది. వాళ్ళ రిజిస్టరులో నుంచి పదేళ్ళ వాన వివరాలు రాసిచ్చాడు. ప్రతి నెలా ఎంత వాన పడింది, ఎన్ని రోజులు పడింది. మొత్తం వానను పడిన రోజులతో భాగించి, వాన వచ్చిన రోజున సగటున ఎంత వస్తోందో నెలనెలకూ చెప్పే ప్రోగ్రాము ఇది. "ఇన్ని లెక్కలేస్తే వాన వస్తాదా పాపా?" అని మామ అడిగాడు. రాదుగాని ఉద్యోగం వస్తుందేమో అన్నాను. ఇరవై ఆరు లైన్లు. ప్రతి గడీ రెండుసార్లు సరిచూసుకున్నాను. ఈసారి ఒక్క తప్పు కూడా రాదని పందెం.

నరసు


బెంగుళూరు,
2 జనవరి 1984

నరసూ,

నడిచింది. పదేళ్ళ చివరిదాకా ఆగకుండా, నెలలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. కాగితం మూరెడు పొడుగుంది, మడత నలగకుండా విప్పుకో.

రాతపరీక్ష ఇరవై రెండున అనంతపురంలోనే పెడుతున్నారు. ఒక గంటలో అరవై ప్రశ్నలట. తెలియనిది వదిలేసి ముందుకు పో. ఒక్కదాని మీద కూర్చుండిపోయే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

నీ అక్క


ధర్మవరం,
10 జనవరి 1984

అక్కా,

పందెం ఓడాను. నువ్వు చెప్పలేదుగాని కాగితమే చెప్పింది. నేను రాసింది ఇరవై ఆరు లైన్లు. అచ్చయి వచ్చిన ప్రోగ్రాములో ఇరవై ఏడున్నాయి. పదిహేడో లైను నాది కాదు.

వాన పడిన రోజులు సున్నా అయితే భాగించవద్దు, తర్వాతి నెలకు పో అని ఉంది అందులో. అది చదివాక రిజిస్టరు కాగితం తిరగేశాను. డెబ్బై ఆరు మార్చి, సున్నా. డెబ్బై ఏడు ఫిబ్రవరి, సున్నా. ఎన్ని సున్నాలో. నా ప్రోగ్రాము మొదటి సున్నా దగ్గరే ఆగిపోయి ఉంటుంది. సున్నాతో భాగించకూడదని ఆరో తరగతి పిల్లలకు చెప్పే నేను ఆ సంగతే మరిచిపోయాను. సిగ్గేసింది. తర్వాత ఆ లైను ఎంత పొందికగా ఉందో చూసి ముచ్చటేసింది. ఒక్క లైనుతో నూట ఇరవై నెలలూ నడిచిపోయాయి.

ఎవరు రాశారక్కా? వాళ్ళకు నా దండాలు చెప్పు.

నరసు


బెంగుళూరు,
28 జనవరి 1984

నరసూ,

రాతపరీక్ష బాగా రాశానని కార్డు వేశావు, సంతోషం. ఇక్కడ కూడా నీ పేరు ఇంటర్వ్యూ పట్టీలో చూశాను. ఫిబ్రవరి పదహారు, ఉదయం పదింటికి.

ఆ లైను యేసన్న సార్ దిద్దారు. ఆయన చూస్తూ పోతూ ఒక మాట చెబుతారు, అంతే. దాని గురించి ఎక్కువ ఆలోచించకు.

ఇంటర్వ్యూ వారం నన్ను మైసూరు శాఖకు పంపుతున్నారు, అక్కడ కొత్త అమ్మాయిలకు మిషను నేర్పడానికి. నా పక్క మిషను సుంకమ్మ స్టేషనుకు వచ్చి నిన్ను గేటు దాకా తీసుకుపోతుంది. పెనుకొండ మనిషే, భయం లేదు. ఇంగ్లీషులో అడుగుతారు, నిదానంగా చెప్పు. తెలియకపోతే తెలియదను. పట్టుచీర వద్దు, నూలుది కట్టుకో.

ఒక్క మాట. ఆ ప్రోగ్రాము కాగితాలేవీ వెంట తేవద్దు. సర్టిఫికెట్లు చాలు.

నీ అక్క


ధర్మవరం,
18 ఫిబ్రవరి 1984

హనుమక్కా,

నువ్వు మైసూరు నుంచి వచ్చేసరికి ఈ ఉత్తరం చేరాలి. ఎవరైనా నిన్ను పిలిచేలోపే ఇది నువ్వు చదవాలి.

కాగితాలు తెచ్చాను. నువ్వు వద్దన్నావని తెలిసి కూడా తెచ్చాను. నా చేతిలో ఉన్న ఒకే ఒక్క గొప్ప అదే కదా, దాన్ని ఇంట్లో ఎట్లా వదిలిపెట్టను?

బల్లకు అవతల నలుగురు కూర్చున్నారు. మొదట లెక్కలడిగారు, బాగానే చెప్పాను. తర్వాత మధ్యలో ఉన్న పెద్దాయన ఎప్పుడైనా ప్రోగ్రాము రాశావా అన్నాడు. రాశానని చెప్పి, మడత విప్పి బల్లమీద పరిచాను. నలుగురూ లేచి వంగి చూశారు. అక్కా, ఆ క్షణం ఎంత బాగుందో చెప్పలేను. వాన వివరాలా ఇవి అని ఒకాయన, ఇది ఎక్కడ నడిపావని ఇంకొకాయన. మీ కంప్యూటరులోనే అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక్కడ లైన్లు ఇరవై ఏడున్నాయి, అన్నీ నువ్వే రాశావా అన్నాడు పెద్దాయన.

అవునంటే అయిపోయేది. కానీ అది నాది కాదు కదా. "పదిహేడోది నాది కాదు. అది యేసన్న సార్ దిద్దారు" అన్నాను.

చివర కుర్చీలో, అంతవరకూ నోరు విప్పని ఒకాయన కళ్ళద్దాలు తీశాడు. తెలుగులో, మన వైపు మాటలోనే అన్నాడు: "నేనే తల్లీ యేసన్న అంటే. ఈ కాయితం నేను ఇప్పుడే చూస్తాండా."

ఆయన మళ్ళీ అడిగాడు. "ఈ అట్టలు ఎవరు కొట్టినారు?"

అబద్ధం చెప్పడానికి నాకు ఏమీ తోచలేదు, తోచినా చెప్పేదాన్నో లేదో. "మా అక్క సార్. హనుమంతమ్మ. మీరు ఒప్పుకున్నారని రాసింది" అన్నాను. ఆయన కాగితం మడిచి తన ముందు పెట్టుకున్నాడు. నువ్వు పోవచ్చన్నారు.

రైలులో ధర్మవరం దాకా ఏడ్చాను. మొదట నీ మీద కోపంతో. నాకు రెండు అబద్ధాలు రాశావు. అనుమతి ఉందన్నావు, లేదు. ఆయన దిద్దాడన్నావు, దిద్దలేదు. పెనుకొండ దాటాక కోపం పోయింది, భయం మిగిలింది. నా ఉద్యోగం కోసం నీ ఉద్యోగం పోతే నేను ఏ మొహం పెట్టుకుని నీ ముందుకు రాను? నాయనకు చెప్పాను. "అది తప్పు జేసిందో లేదో నాకు తెలీదు. నువ్వు మాత్రం నిజమే చెప్పినావు. అదే మాట దానికీ రాయి" అన్నాడు.

పదిహేడో లైను ఎవరిదక్కా?

నరసు


బెంగుళూరు,
3 మార్చి 1984

నరసూ,

నాది.

ఇంత చిన్న మాట రాయడానికి రెండు నెలలు పట్టింది. మొదటి నుంచీ చెబుతాను.

యేసన్న సార్‌ను నేను అడగనే లేదు. అడిగితే, నీకెందుకమ్మా ఇవన్నీ అంటారని భయం. మధ్యాహ్నం భోజనాల వేళ పరీక్షకు పెట్టే ప్రోగ్రాముల ట్రేలో నీ కట్ట కూడా పెట్టేదాన్ని. ఎవరూ లెక్కపెట్టరు. నీ వాన ప్రోగ్రాము నాలుగో ఏడాది మార్చి దగ్గర ఆగిపోయింది. కాగితం చేతిలో పట్టుకుని నిలబడగానే ఎందుకు ఆగిందో కనబడింది. ఎనిమిదేళ్ళుగా వేరేవాళ్ళ ప్రోగ్రాములు కొడుతున్నాను. వేళ్ళు కొడుతుంటే కళ్ళు ఊరికే ఉండవు కదా. ఒక అట్ట కొట్టి మధ్యలో పెట్టాను. నడిచింది. ఆ రోజు బస్సులో నా స్టాపు దాటిపోయినా చూసుకోలేదు.

మరి నీకెందుకు అబద్ధం రాశానంటే, నేనే అని రాస్తే "అయితే నువ్వెందుకు రాయవు?" అని అడుగుతావు. డిసెంబరులో మాకు ఒక సర్క్యులరు వచ్చింది. కంపెనీలో పనిచేసేవాళ్ళకు రెండు ప్రోగ్రామరు పోస్టులు విడిగా ఉన్నాయి. అయిదేళ్ళ సర్వీసు ఉంటే ఇంటరు చాలు. నేను చదివి, నాలుగు మడతలు పెట్టి, సంచి అడుగున పడేశాను. ముప్పై రెండేళ్ళు నాకు. పిల్లల మధ్య కూర్చుని ఆ ఇంగ్లీషు మాట్లాడి నవ్వులపాలు కావడమెందుకనుకున్నాను.

మైసూరు నుంచి వచ్చిన రోజే యేసన్న సార్ పిలిచారు. నీ ఉత్తరం అప్పటికే అందింది కాబట్టి సిద్ధపడే పోయాను. నీ కాగితం ఆయన బల్లమీద ఉంది.

"హనుమంతమ్మా, ఇది నీ పనేనా?"

"తప్పయింది సార్."

"తప్పు సంగతి ఆనక మాట్లాడుదాం. రోజులు సున్నా అయితాయని నీకెట్ల తెలిసింది?"

"మాది ధర్మవరం సార్. వాన రాని నెలలుంటాయని మాకు ఒకరు చెప్పల్లనా?"

ఆయన నవ్వు ఆపుకోవాలని చూశారుగాని కాలేదు. వాళ్ళది ఉరవకొండట. "నాకూ చెప్పాల్సిన పనిలేదులే" అన్నారు. తర్వాత మొహం గంభీరం చేసుకుని నాకు ఒక మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా కంప్యూటరు వాడినందుకు హెచ్చరిక, సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది. నేను సంతకం పెట్టాను. లేవబోతుంటే సొరుగు లాగి ఇంకో కాగితం తీశారు. ఆ రెండు పోస్టుల దరఖాస్తు. దరఖాస్తు పెట్టినవాళ్ళలో సరైనవాళ్ళు లేరని గడువు మార్చి పదిహేను దాకా పెంచారట.

"మెమో నీకు ఇష్టం లేకున్నా తీసుకుంటివి. ఇది కూడా తీసుకో" అన్నారు.

నింపి ఇచ్చేశాను నరసూ. పుట్టిన తేదీ మాత్రం రెండుసార్లు కొట్టేసి రాశాను. ఏప్రిల్ తొమ్మిదిన పరీక్ష. లెక్కలు మరిచిపోయి పదమూడేళ్ళయింది. ఇప్పుడు నువ్వు నాకు రాయాలి.

హనుమంతమ్మ


ధర్మవరం,
12 మార్చి 1984

అక్కా,

కోపం ఎక్కడ పెట్టానో వెతుక్కుంటున్నాను, దొరకడంలేదు.

నా సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆర్డరు వచ్చింది. పదిమందిలో నాది ఏడో పేరు. పోస్టుమాను ఆంజనేయులు సంతకం అడిగితే తప్పు గడిలో పెట్టాను. నాయన మగ్గం దిగి వచ్చి, "మన వీధిలో వాళ్ళు అడిగితే ఏం పనని చెప్పాల?" అన్నాడు. ప్రోగ్రామరని చెప్పు అన్నాను. ఆ మాట నోట్లో నాలుగుసార్లు తిప్పుకుని పలికాడు. ఒక్కటే చిక్కు. శిక్షణ హైదరాబాదు శాఖలో. ఇద్దరం ఒకే గదిలో ఉంటామని నేను కన్న కలకు సున్నా.

ఇక నీ పని. ఈ ఉత్తరంతో పన్నెండు కాగితాలున్నాయి. మొదటి నాలుగూ శాతాలు, నిష్పత్తులు. తర్వాతివి రెండంకెల పద్ధతి, అంటే సున్నా, ఒకటితోనే అన్నీ రాయడం. నీకది కష్టం కాదు: చిల్లు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. రోజుకొక కాగితం చేసి, ప్రతి శనివారం నాకు పోస్టులో వెయ్యి. తప్పులు ఎర్రసిరాతో దిద్దుతాను, చాటుగా కాదు. ఇంగ్లీషుకు భయపడకు. సుంకమ్మక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని రోజూ ఒక ప్రోగ్రాము గురించి గట్టిగా చెప్పు. ఆమెకు అర్థమైతే వాళ్ళకూ అర్థమవుతుంది.

తెలియనిది వదిలేసి ముందుకు పో. ఈ మాట నాకు ఎవరు చెప్పారో గుర్తుందా?

నరసు


బెంగుళూరు,
11 జూన్ 1984

హైదరాబాదులో ఉన్న నరసుకు,

టెలిగ్రాం ఇద్దామనుకున్నాను. నాలుగు మాటల్లో ఇమడదని ఉత్తరమే రాస్తున్నాను. రెండు పోస్టుల్లో ఒకటి నాది.

రాతపరీక్షలో నీ శాతాలు రెండు తప్పాయి, రెండంకెల పద్ధతి ఒక్కటీ తప్పలేదు. ఇంటర్వ్యూలో నా మొదటి వాక్యం సగంలో ఆగింది. రెండోది సుంకమ్మకు చెప్పినట్టే చెప్పాను. మధ్యమధ్య కన్నడం కలిసింది, ఎవరూ నవ్వలేదు. తర్వాత ఒక ప్రోగ్రాము చేతికిచ్చి, ఇందులో తప్పు ఉంది, పట్టుకో అన్నారు. పట్టుకుని చూపించాను. ఇంకోటి కూడా ఉంది సార్, కూడడం మొదలుపెట్టేముందు మొత్తాన్ని సున్నా చెయ్యలేదు అన్నాను. పెద్దాయన కాగితం లాక్కుని చూశాడు. ఆ రెండోది వాళ్ళు పెట్టిన తప్పు కాదట. నిజంగానే జరిగిన తప్పు. యేసన్న సార్ కిటికీ వైపు తిరిగి దగ్గారు.

పోయిన సోమవారం గాజు తలుపుల ఇవతల నుంచి అవతలికి మారాను. చల్లగా ఉంటుంది, శాలువా కావాలి. నా పక్కన కూర్చునే పిల్లలకు నీ వయసుంటుంది. మొదటి రోజు మేడమ్ అన్నారు, మూడో రోజుకు అక్కా అంటున్నారు.

అసలు చెప్పాల్సింది ఇది. మొన్న శుక్రవారం నా మొదటి ప్రోగ్రాము రాయడం ముగించాను. మోటార్లకు చుట్టే రాగితీగ ఎంత కావాలో చెప్పేది, నలభై రెండు లైన్లు. అట్టలు కొట్టించడానికి పాత గది కిటికీ దగ్గరికి తీసుకుపోయాను. ఎనిమిదేళ్ళు లోపలి వైపు కూర్చున్న కిటికీ అది. బయటి వైపు నిలబడడం అదే మొదటిసారి. సుంకమ్మ కాగితాలు తీసుకుంది. తిప్పింది. కళ్ళెత్తి నన్ను చూసింది.

"ఇది సున్నానా, ఇంగ్లీషు 'ఓ'నా? సున్నాకు అడ్డగీత ఏదీ?"

"మర్చిపోయినానే."

"ఎనిమిదేండ్లు నా పక్కన కూచోని ఈ ప్రోగ్రామర్లకు రాయడం రాదని తిట్టింది ఎవురు? నీ చేతిరాతా అంతే ఉండాది. ఇట్లయితే నేను కొట్టను, హనుమక్కా. తీసుకోనిపోయి సరిగా రాసుకోని రా."

లోపల పదిమందీ మిషన్లు ఆపి చూస్తున్నారు. కిటికీ గట్టుమీదే కాగితాలు పరుచుకుని, పెన్ను తీసి, ఒక్కో సున్నాకూ గీత పెట్టాను. ఇరవై మూడు సున్నాలు. పన్నెండోదానికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగలేదు, లోపల వాళ్ళకూ ఆగలేదు. సుంకమ్మ ఒక్కతే బింకంగా నిలబడి అన్నీ అయ్యేదాకా చూసింది. కాగితాలు తీసుకుని, తేదీ వేసి, ట్రేలో అన్నిటికంటే అడుగున పెట్టింది.

"ఇంగ పో," అంది. "రేపు రా."

నీ అక్క,
హనుమంతమ్మ